షియాన్‌లో జాంగ్ షుయెలియాంగ్ బంగళా: ఎలా వెళ్ళాలి, ఏ వరుసలో చూడాలి

షియాన్ వెళ్ళినవాళ్ళు మట్టి సైనికులను చూస్తారు, కోటగోడ మీద సైకిలు తొక్కుతారు, ముస్లిం వీధిలో తిని వచ్చేస్తారు. అదే కోటగోడ లోపల, తూర్పు వైపున, జియాన్‌గువో వీధి 69వ నంబరులో మూడు బూడిదరంగు ఇటుక భవనాలు వరుసగా ఉంటాయి. 1936 డిసెంబరులో రెండు వారాలపాటు చైనా తలరాత ఈ ఆవరణలోనే అటూ ఇటూ ఊగింది. సేనాని జాంగ్ షుయెలియాంగ్ తన పైవాడైన దేశాధినేత చాంగ్ కై షేక్‌ను పట్టుకుని నిర్బంధించిన ఆ ఉదంతాన్నే షియాన్ ఘటన అంటారు. ప్రవేశం ఉచితం. రద్దీ తక్కువ. అయినా చాలామంది దీన్ని అరగంటలో చుట్టేసి, పాత కుర్చీలూ టెలిఫోన్లూ తప్ప ఏమీ లేవని బయటికొస్తారు. కారణం ఒకటే. ఈ ఇంటిని గదులవారీగా చూస్తే ఏమీ అర్థం కాదు, తేదీలవారీగా చూడాలి. అందుకు కావలసిన తయారీ అంతా కింద ఉంది.

ముందు పదమూడు రోజుల కథ

జాంగ్ షుయెలియాంగ్ 1901లో పుట్టాడు. తండ్రి జాంగ్ జువోలిన్ మంచూరియాను ఏలిన సేనాధిపతి. 1928 జూన్ 4న ఆయన ప్రయాణిస్తున్న రైలును జపాన్ సైనికాధికారులు బాంబు పెట్టి పేల్చారు. ఇరవై ఏడేళ్ళ కొడుకు సైన్యాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అప్పటినుంచి జనం నోట అతను 'షావోషువాయ్', అంటే చిన్న మార్షల్. 1931 సెప్టెంబరు 18 తర్వాత మంచూరియా జపాన్ చేతికి పోయింది. ఊరూ ఇల్లూ పోగొట్టుకున్న సైన్యంతో 1935లో అతను షియాన్ చేరాడు. అక్కడ చాంగ్ కై షేక్ అప్పజెప్పిన పని జపాన్‌తో యుద్ధం కాదు, ఉత్తర షాన్షీలోని కమ్యూనిస్టులను అణచడం. సొంత ఊళ్ళు శత్రువు కింద ఉండగా తోటి చైనీయుల మీద తుపాకి ఎత్తడం ఆ సైనికులకు మింగుడుపడలేదు. ఈ ఒక్క ముక్క మనసులో ఉంచుకుంటే తర్వాతి కథ అంతా తేలిగ్గా అందుతుంది.

ఇప్పుడు తేదీలు. వీటిని ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

1936 ఏప్రిల్ 9: యెనాన్‌లోని ఒక చర్చిలో జాంగ్, కమ్యూనిస్టు నాయకుడు చౌ ఎన్‌లై రహస్యంగా కలిశారు.

డిసెంబరు 12, తెల్లవారుజాము: షియాన్‌కు తూర్పున లీషాన్ కొండ అడుగున హువాచింగ్ వేడినీటి బుగ్గల దగ్గర విడిది చేసిన చాంగ్‌ను జాంగ్ మనుషులు పట్టుకున్నారు. నగరంలో జాంగ్‌తో చేతులు కలిపిన షాన్షీ సేనాని యాంగ్ హుచెంగ్ సైన్యం మిగతా అధికారులను నిర్బంధించింది. అదే రోజు ఎనిమిది కోర్కెలతో దేశమంతటికీ టెలిగ్రాం వెళ్ళింది.

డిసెంబరు 14: చాంగ్‌ను నగరం నడుమనున్న షిన్‌చెంగ్ భవనం నుంచి జాంగ్ ఇంటి పక్కనే ఉన్న గావో గ్వీజి బంగళాకు మార్చారు.

డిసెంబరు 17: జాంగ్ పంపిన విమానంలో చౌ ఎన్‌లై షియాన్ చేరాడు.

డిసెంబరు 22: చాంగ్ భార్య సూంగ్ మేలింగ్, ఆమె అన్న టి.వి.సూంగ్ వచ్చారు. 23, 24 తేదీల్లో చర్చలు.

డిసెంబరు 25: చాంగ్ విడుదల. జాంగ్ అతని వెంటే తనంతట తాను విమానమెక్కాడు. మళ్ళీ ఈ ఇంటికి రాలేదు.

నాన్‌జింగ్‌లో సైనిక న్యాయస్థానం పదేళ్ళ శిక్ష వేసింది, వెంటనే క్షమాభిక్ష ప్రకటించారు, కానీ నిర్బంధం మాత్రం యాభై ఏళ్ళకు పైగా సాగింది. యాంగ్ హుచెంగ్ పరిస్థితి ఇంకా ఘోరం. 1949 సెప్టెంబరులో చోంగ్‌చింగ్‌లో అతన్ని చంపేశారు.

ఏ ఊళ్ళోని ఇల్లు అన్నది తేల్చుకోండి

మొదటి పొరపాటు మ్యాపులోనే జరుగుతుంది. 'జాంగ్ షుయెలియాంగ్ పాత నివాసం' అని వెతికితే షెన్యాంగ్, తియాన్‌జిన్ కూడా వస్తాయి. షెన్యాంగ్‌లోనిది తండ్రి కట్టించిన పెద్ద కోట లాంటి ఇల్లు, దానికి టికెట్ ఉంది, అది షియాన్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. నిర్బంధంలో ఉంచిన చోట్లు గుయ్‌జౌలోనూ తైవాన్‌లోనూ ఉన్నాయి. మీకు కావలసింది షియాన్, బేలిన్ జిల్లా, జియాన్‌గువో లు, 69. చైనా మాటల్లో 'జాంగ్ షుయెలియాంగ్ గోంగ్‌గువాన్'. గోంగ్‌గువాన్ అంటే పెద్ద అధికారి బంగళా. ఆవరణ పేరు 'షియాన్ ఘటన స్మారక భవనం' అని కూడా ఉంటుంది, రెండూ ఒకటే.

ఈ పేరునూ చిరునామానూ చైనా లిపిలో స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో ఉంచుకోండి. టాక్సీ డ్రైవర్‌కు నోటితో చెప్పడం కంటే అది చూపించడం మేలు. చైనా భాషలో స్వరం మారితే అర్థం మారుతుంది, మనం పలికినది వాళ్ళకు వేరే వీధిగా వినిపిస్తుంది.

వీసా, టికెట్లు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు పర్యాటక వీసా, అంటే ఎల్ వీసా, తప్పనిసరి. చైనాలో 240 గంటలు వీసా లేకుండా ఆగి వెళ్ళే సౌకర్యం గురించి వినే ఉంటారు. అది కొన్ని దేశాల పాస్‌పోర్టులకే, ఆ జాబితాలో భారత్ లేదు. అమెరికాలో గ్రీన్‌కార్డుతో ఉన్న తెలుగువాళ్ళు ఇక్కడ తరచూ పొరబడతారు. అధికారులు చూసేది కార్డు కాదు, పాస్‌పోర్టు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు ఆ సౌకర్యం వర్తిస్తుంది, షియాన్ విమానాశ్రయం కూడా అందులో ఉంది. కానీ షరతు ఒకటి ఉంది: వచ్చిన దేశానికే తిరిగి పోకూడదు. అమెరికా నుంచి షియాన్, అక్కడినుంచి హైదరాబాద్ అయితే సరే. అమెరికా నుంచి వచ్చి నేరుగా అమెరికాకే వెళితే కుదరదు. ముందుకు వెళ్ళే టికెట్ ఖరారైనది చేతిలో ఉండాలి.

తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఆ గడే ఖాళీగా ఉంటుంది, కొందరి పేరు మూడు నాలుగు మాటలు. రైలుకైనా మ్యూజియంకైనా బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అదే వరుసలో రాయాలి. ఆధార్‌లో ఉన్నట్టో, స్నేహితులు పిలిచేట్టో రాస్తే గేటు దగ్గర ఆగిపోతారు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్, హాంకాంగ్‌లలో ఎక్కడో ఒకచోట మారి వెళ్ళాలి. బీజింగ్ కూడా చూసే ఆలోచన ఉంటే అక్కడినుంచి హైస్పీడ్ రైలులో షియాన్‌కు రావడం హాయి, నాలుగున్నర నుంచి ఆరు గంటలు. చైనా లోపల విమానమెక్కేవాళ్ళు పవర్‌బ్యాంకు సంగతి చూసుకోండి. 2025 జూన్ చివరి నుంచి '3సి' (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్‌బ్యాంకులను దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. మన దగ్గర కొన్నవాటిలో చాలావాటికి ఆ గుర్తు ఉండదు. రైలులో ఈ నిబంధన లేదు.

షియాన్‌లో చదువుకుంటున్న మన పిల్లల దగ్గర దిగేవాళ్ళు 24 గంటల్లోపు స్థానిక పోలీసుల దగ్గర బస నమోదు చేయించుకోవాలి. హోటల్ అయితే ఆ పని వాళ్ళే చేస్తారు.

ఫోను, డబ్బు: ఇంటి దగ్గరే పూర్తి చేయాల్సినవి

చైనాలో గూగుల్, వాట్సాప్ హోటల్ వైఫైలో తెరుచుకోవు. మన దేశపు సిమ్ రోమింగ్‌లో ఉంటే తెరుచుకుంటాయి, ఎందుకంటే ఆ డేటా మన కంపెనీ ద్వారా తిరిగి వస్తుంది. కాబట్టి కనీసం ఒక్క ఫోనుకైనా రోమింగ్ ప్యాక్ వేయించండి. దారి చూసుకోవడానికి గూగుల్ మ్యాప్స్ మీద ఆధారపడొద్దు, చైనాలో దానిలోని గుర్తులు పక్కకు జరిగి కనిపిస్తాయి. ఆమ్యాప్ అనే చైనా యాప్ పెట్టుకోండి, అందులో ఇంగ్లిష్ ఉంది. ఐఫోన్ వాళ్ళకు ఆపిల్ మ్యాప్స్ చాలు.

చెల్లింపులన్నీ అలీపే మీదే. వీసా, మాస్టర్‌కార్డులను దానికి జతచేయొచ్చు. కార్డు జతచేసేటప్పుడు ఓటీపీ మన నంబరుకే వస్తుంది. అక్కడికి వెళ్ళాక, సిమ్ తీసేశాక చేద్దామనుకుంటే ఓటీపీ రాదు, పని ఆగిపోతుంది. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీల మీట ఆన్ చేసి, ఇంటి దగ్గరే పూర్తి చేయండి. 200 యువాన్ల లోపు చెల్లింపుకు అదనపు రుసుము ఉండదు, అది దాటితే 3 శాతం. భద్రంగా ఐదారు వందల యువాన్ల నగదు కూడా ఉంచుకోండి.

అనువాద యాప్‌లో చైనా భాష ప్యాక్‌ను ముందే దించుకోండి. కెమెరా పెడితే బోర్డు చదివేది ఉండాలి. బంగళా లోపల వివరాలు చాలావరకు చైనా భాషలోనే ఉంటాయి.

ఏ రోజు, ఏ వేళ

సోమవారం బంగళా మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా అనుకోండి, అయితే లోపలికి పంపడం ముందే ఆపేస్తారు. నాలుగు దాటాక వెళితే లోపలికి వెళ్ళినా మూడు భవనాలూ చూసే సమయం మిగలదు. ముందురోజు హోటల్ రిసెప్షన్‌లో అడిగి వేళలు సరిచూసుకోండి, వీచాట్‌లో ముందుగా బుకింగ్ కావాలంటే వాళ్ళ చేతే చేయించుకోండి. ఉచితమే అయినా అసలు పాస్‌పోర్టు చూపాలి. నకలు, ఫోనులో ఫొటో చెల్లకపోవచ్చు.

అక్టోబరు 1 నుంచి వారం రోజులు, మే నెల మొదటి రోజులు, చైనా కొత్త సంవత్సరం సెలవులు, ఈ మూడింటికీ దూరంగా ఉండండి. ఏప్రిల్, అక్టోబరు చివర్లో వాతావరణం బాగుంటుంది. డిసెంబరులో చలి సున్నాకు దిగుతుంది. ఆ చలిలో చూడడానికి మాత్రం ఒక కారణముంది. డిసెంబరు 12న నిద్రలోంచి లేచిన చాంగ్ చాలీచాలని బట్టలతో కొండెక్కి దాక్కున్నాడంటే ఏమిటో అప్పుడే ఒంటికి తెలుస్తుంది.

మట్టి సైనికులనూ దీన్నీ ఒకే రోజులో పెట్టకండి. ఏజెంట్లు అలాగే అమ్ముతారు: ఉదయం మట్టి సైనికులు, మధ్యాహ్నం హువాచింగ్, సాయంత్రం వేరేది. దానివల్ల హువాచింగ్‌కు అత్యంత రద్దీ వేళకు చేరతారు, బంగళాకు చేరేసరికి గేటు వేసేస్తారు. మట్టి సైనికులకు ఒక రోజు, ఈ కథకు ఇంకో రోజు ఇవ్వండి.

పొద్దున్నే హువాచింగ్

బస కోటగోడ లోపల, దాచాయ్‌షి మెట్రో స్టేషన్ దగ్గర్లో తీసుకుంటే రోజంతా సుఖం. అక్కడ 4వ, 6వ లైన్లు కలుస్తాయి. విమానాశ్రయం నుంచి 14వ లైన్‌లో ఉత్తర రైల్వే స్టేషన్‌కు, అక్కడినుంచి 4వ లైన్‌లో నేరుగా దాచాయ్‌షికి రావచ్చు.

ఏడున్నరకు బయల్దేరండి. 6వ లైన్‌లో చివరి స్టేషన్ ఫాంగ్‌జిచెంగ్ దాకా వెళ్ళి, అక్కడ 9వ లైన్‌లోకి మారి హువాచింగ్‌చి స్టేషన్‌లో దిగాలి. మొత్తం గంట అనుకోండి. మెట్రోలో ప్రతి సంచినీ స్కాన్ చేస్తారు, నీళ్ళ సీసాను పరీక్షించి పంపుతారు. చిన్న చాకు, పండ్లు కోసే కత్తి ఉన్నా తీసేసుకుంటారు.

హువాచింగ్ టికెట్ 120 యువాన్లు, లీషాన్ కొండ అందులోనే. గేటు దాటగానే తాంగ్ వంశపు రాణి స్నానఘట్టాలూ కొలనులూ వస్తాయి. వాటిని తిరిగి వచ్చేటప్పుడు చూడొచ్చు. జనం చేరకముందే 'వూజియాన్‌తింగ్', అంటే అయిదు గదుల సాల దగ్గరికి వెళ్ళిపోండి. చాంగ్ బస చేసింది ఇక్కడే. పడక, పనిచేసే బల్ల, సమావేశ గది ఆనాటి తీరులో అమర్చి ఉంటాయి. కిటికీ అద్దాల్లో, గోడలో తుపాకి గుళ్ళ రంధ్రాలు ఉన్నాయి, వాటి మీద రక్షణగా అద్దం బిగించారు. అవి చూశాక వెనక కిటికీ ఎటు తెరుచుకుంటుందో గమనించండి. చాంగ్ దూకింది వెనక వైపుకు. గోడ దూకేటప్పుడు వీపుకు దెబ్బ తగిలింది. కట్టుడు పళ్ళు గదిలోనే ఉండిపోయాయి. అక్కడినుంచి చీకట్లో కొండెక్కాడు.

మీరు కూడా అటే ఎక్కాలి. ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. కొండకు రోప్‌వే ఉంది కదా అని ఎక్కితే, మీకు కావలసిన మంటపాన్ని దాటించి చాలా పైకి తీసుకుపోతుంది. నడిచే మెట్లదారి పట్టుకోండి, మామూలు నడకకు అరగంట నుంచి ముప్పావుగంట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే వాళ్ళను కింద కొలను దగ్గర కూర్చోబెట్టి ఒకరు తోడుండడం మంచిది, దిగేటప్పుడు ఆ మెట్లు ఇంకా కష్టం.

పైన 'బింగ్‌జియాన్ తింగ్' అనే చిన్న మంటపం, దాని పక్కన చాంగ్ నక్కిన బండరాతి చీలిక ఉంటాయి. ఆ చీలిక పక్కన పట్టుకుని ఎక్కడానికి ఇనుప గొలుసులున్నాయి. రాయి నున్నగా అరిగిపోయింది, వాన పడ్డ రోజు ఎక్కొద్దు. మంటపం కట్టింది 1946లో, చాంగ్ పక్షం వాళ్ళే, ఆయన బతికి బయటపడ్డందుకు గుర్తుగా. 1949 తర్వాత దానికే 'చాంగ్‌ను పట్టుకున్న మంటపం' అని పేరు పెట్టారు. 1986లో, యాభయ్యో ఏట, ఇప్పటి పేరు వచ్చింది. బింగ్‌జియాన్ అంటే ఆయుధం పట్టి రాజుకు బుద్ధి చెప్పడం. రాళ్ళు అవే, పేర్లు మూడు. ఆ మూడు పేర్లు తెలిస్తే చైనా ఈ ఘటనను ఎప్పుడెలా చూసిందో వేరే పుస్తకం చదవనక్కర్లేదు.

పదకొండున్నరకల్లా కిందికి దిగండి. తిరిగి అదే మెట్రో.

బంగళాలో రెండు గంటలు

దాచాయ్‌షిలో దిగి తూర్పుకు, తర్వాత దక్షిణానికి నడవండి, పావుగంట చాలు. ఒంటిగంటన్నర, రెండు మధ్యలో గేటు దగ్గర ఉండేలా చూసుకోండి.

ఈ ఇల్లు 1932లో పూర్తయింది. జాంగ్ కట్టించుకున్నది కాదు, 1935లో షియాన్ వచ్చాక అద్దెకు తీసుకున్నది. ఇటుకా చెక్కా కలిపి పాశ్చాత్య పద్ధతిలో కట్టిన మూడంతస్తుల భవనాలు మూడు. తూర్పు భవనం, మధ్య భవనం, పడమటి భవనం. 1982లో జాతీయ రక్షిత కట్టడమైంది, 1986లో జనానికి తెరిచారు.

గేటు దాటగానే దగ్గరలో ఉన్న భవనంలోకి దూరకండి. ముందు ఆవరణలో నిలబడి మూడింటినీ ఒకసారి వరుసగా చూడండి. ఎడమా కుడీ సరిచూసుకోవడానికి ఫోనులో దిక్సూచి వాడండి. ఎందుకంటే ఎవరు ఎక్కడున్నారన్నదే ఇక్కడ కథ. పడమటి భవనంలో జాంగ్, అతని సహచరి జావో యిదీ ఉండేవారు. మధ్య భవనం సిబ్బందిది. డిసెంబరు 17 తర్వాత తూర్పు భవనంలో చౌ ఎన్‌లై బృందం దిగింది. తర్వాత చేరిన బో గు, యె జియాన్‌యింగ్ కూడా అక్కడే. అంటే నెలల కింద ఎవరిని అణచమని జాంగ్‌ను పంపారో, వాళ్ళు ఇప్పుడు అదే ఆవరణలో, కిటికీ తెరిస్తే కనిపించేంత దూరంలో అతిథులుగా ఉన్నారు. పడమటి భవనం గుమ్మంలో నిలబడి తూర్పు భవనం గుమ్మం దాకా అడుగులు లెక్కపెట్టి చూడండి. రాజీ అంత తొందరగా ఎలా కుదిరిందో ఆ కొద్ది అడుగులు చెబుతాయి.

చూసే వరుస ఇలా పెట్టుకోండి. ముందు ప్రదర్శన గదులు: మంచూరియా పోవడం నుంచి 1936 దాకా ఉన్న ఫొటోలు, పత్రాలు. నలభై నిమిషాలు ఇవ్వండి. తర్వాత తూర్పు భవనం. చివరికి పడమటి భవనం. చాలామంది తలకిందులుగా వెళతారు, మొదట జాంగ్ పడకగది చూసి ఫొటో తీసుకుంటారు, పత్రాల దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

పత్రాలు చదవడానికి మూడు చిట్కాలు.

ఒకటి, సంవత్సరాలు. ఆనాటి కాగితాల మీద 1936 అని ఉండదు, 'మింగ్వో 25' అని ఉంటుంది. చైనా గణతంత్రం 1912లో మొదలైంది కాబట్టి, అక్కడున్న అంకెకు 1911 కలపండి. 25కు 1911 కలిపితే 1936.

రెండు, పేర్లు. సంతకాల్లో జాంగ్ పేరు 'హాన్‌చింగ్' అని కనిపిస్తుంది, అది పెద్దయ్యాక పెట్టుకునే గౌరవ నామం. చాంగ్ కై షేక్ 'జియెషి' అని ఉంటాడు. అనువాద యాప్ వీటిని కొత్త మనుషులుగా చూపించి గజిబిజి చేస్తుంది. ఎవరీ హాన్‌చింగ్ అని వెతకొద్దు, ఆ ఇంట్లో ఉన్న జాంగే.

మూడు, టెలిగ్రాం తేదీలు. అప్పట్లో టెలిగ్రాంలో ఒక్కో అక్షరానికి డబ్బు. అందుకని తేదీని అంకెల్లో రాయకుండా, పాత ప్రాసల పట్టికలోంచి ఒక్కో రోజుకు ఒక్కో అక్షరం పెట్టుకున్నారు. 12వ తేదీకి ఆ అక్షరం 'వెన్'. డిసెంబరు 12 టెలిగ్రాంను 'వెన్ తంతి' అని రాస్తే అది ఎవరో మనిషి పేరు కాదు, తేదీ. మన తిథుల్ని 'ద్వాదశి' అని ఒక్క మాటలో చెప్పేసినట్టు అనుకోండి.

ఆ టెలిగ్రాంలోని ఎనిమిది కోర్కెల దగ్గర కాసేపు ఆగండి. అన్ని పక్షాలనూ కలుపుకొని ప్రభుత్వాన్ని మార్చాలి. అంతర్యుద్ధం ఆపాలి. షాంఘైలో అరెస్టయిన దేశభక్త నాయకులను వదలాలి. దేశంలోని రాజకీయ ఖైదీలందరినీ వదలాలి. ప్రజల దేశభక్తి ఉద్యమాలకు అడ్డు తీయాలి. సభలు పెట్టుకునే స్వేచ్ఛ ఉండాలి. గణతంత్ర స్థాపకుడు సన్ యట్ సేన్ వీలునామాను అమలు చేయాలి. వెంటనే జాతి రక్షణ సమావేశం పిలవాలి. ఎనిమిదింట్లో ఎక్కడా తనకు పదవి కావాలనీ, మంచూరియా తిరిగి ఇప్పించమనీ జాంగ్ అడగలేదు. ప్రదర్శనలో ఇంతకంటే విలువైన వస్తువు లేదని మా అభిప్రాయం.

పడమటి భవనంలో చర్చలు జరిగిన గది చూడండి. 23, 24 తేదీల్లో టి.వి.సూంగ్, సూంగ్ మేలింగ్ ఒకవైపు, జాంగ్, యాంగ్, చౌ ఎన్‌లై ఇంకోవైపు మాట్లాడుకున్నది ఈ భవనంలోనే. కుర్చీల మధ్య ఎడం చూడండి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు గొంతు ఎత్తకుండానే వినిపించే దూరం. చాంగ్ మాత్రం ఆ గదిలో లేడు, పక్కింట్లో ఉన్నాడు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అంతర్యుద్ధం ఆపుతానని మాట ఇచ్చాడంతే. ఆ మాట మీద నమ్మకంతోనే జాంగ్ వెంట వెళ్ళాడు.

జాగ్రత్తలు: మెట్లు పాతవి, రెయిలింగు పట్టుకుని ఎక్కండి. గుంపు వస్తే పక్కకు తప్పుకుని వాళ్ళు వెళ్ళాక ఎక్కండి. ఫ్లాష్ వేయొద్దు. తాడు కట్టిన గదుల్లోకి చెయ్యి చాచొద్దు. పాఠశాల పిల్లల బృందాలు ఎక్కువగా ఉదయం వేళ వస్తాయి, మధ్యాహ్నం వెళ్ళమనడానికి అదీ ఒక కారణం. పైగా పడమటి భవనం కిటికీల్లోంచి అప్పుడు ఎండ బాగా పడుతుంది, అద్దాల వెనకున్న కాగితాల మీద మెరుపు వస్తే పక్కనుంచి ఒరిగి చదవాలి.

పక్కిల్లు, ఇంకో రెండు చోట్లు

బయటికొచ్చాక వెంటనే మెట్రోకు పోవద్దు. అదే వీధిలో 83వ నంబరు దగ్గర ఆగండి. అది గావో గ్వీజి బంగళా, డిసెంబరు 14 నుంచి 25 దాకా చాంగ్‌ను ఉంచిన చోటు. ఇప్పుడు షాన్షీ రచయితల సంఘం ఆవరణ. అది పనిచేసే ఆఫీసు, మ్యూజియం కాదు. గేటు దగ్గర కాపలాదారును మర్యాదగా అడగండి, వద్దంటే బయటినుంచే చూసి వచ్చేయండి. గేటు ముందు నుంచి వెనక్కి తిరిగి జాంగ్ ఇంటివైపు చూసినా చాలు, ఖైదీ ఒక ఇంట్లో, అతని విడుదల గురించి మాట్లాడేవాళ్ళు పక్కింట్లో.

మర్నాడు సగం రోజు మిగిలితే రెండు చోట్లు కలుపుకోండి, రెండూ ఉచితమే. చింగ్‌నియన్ వీధి 117లో యాంగ్ హుచెంగ్ బంగళా 'జియువాన్' ఉంది, బేదాజియె మెట్రో నుంచి నడవొచ్చు. 'జి' అంటే ఆపడం. ఈటెను ఆపడమే నిజమైన వీరత్వమన్న పాత చైనా మాటలోంచి ఆ పేరు పెట్టుకున్నాడు. రెండోది వూలుకౌ మెట్రోకు దగ్గర్లో చిషియాన్‌జువాంగ్‌లోని ఎనిమిదో దళ సైన్యం (కమ్యూనిస్టుల సైన్యం) కార్యాలయం. షియాన్ ఘటన తర్వాత చాంగ్‌కూ కమ్యూనిస్టులకూ కుదిరిన పొత్తు వల్లే అది బహిరంగంగా నడిచింది. 1938లో చైనాకు బయల్దేరిన భారత వైద్య బృందం, డాక్టర్ అటల్, కోట్నీస్, బసు, చోల్కర్, ముఖర్జీలు, 1939లో షియాన్ మీదుగానే యెనాన్ చేరారు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ ఆగడం న్యాయం.

తిండి

హువాచింగ్ గేటు బయట తినొద్దు, ధర ఎక్కువ. దాచాయ్‌షికి తిరిగొచ్చి తినండి. షియాన్ వంటలో మిరపకారం, వెల్లుల్లి, వెనిగర్ దండిగా ఉంటాయి, మన నోటికి పడుతుంది. శాకాహారులకు లియాంగ్‌పి మంచిది: పిండితో చేసిన చల్లని పట్టీలు, కీరా ముక్కలు, పైన మిరపనూనె. యౌపో మియాన్ అంటే వెడల్పాటి నూడుల్స్ మీద ఎండుమిరప పొడి పోసి, దాని మీద సలసల కాగే నూనె పోస్తారు, మన పోపు చప్పుడే. 'బూ యావ్ రౌ' అంటే మాంసం వద్దని. 'న్యూ రౌ' గొడ్డుమాంసం, 'యాంగ్ రౌ' గొర్రెమాంసం. ముస్లిం వీధిలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి గొడ్డుమాంసం తిననివాళ్ళు ఈ రెండు మాటలూ నేర్చుకుని వెళ్ళాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక మాట

జాంగ్ నిర్బంధం 1990 ప్రాంతంలో పూర్తిగా తొలగింది. ఆ తర్వాత అతను హవాయిలో స్థిరపడి, 2001 అక్టోబరు 14న హోనొలులులో నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు. పడమటి భవనంలో అతనితో ఉన్న జావో యిదీనే 1964లో తైవాన్‌లో పెళ్ళి చేసుకున్నాడు, ఆమె 2000లో పోయింది. ఇద్దరి సమాధీ ఓహూ దీవి తూర్పు తీరాన వ్యాలీ ఆఫ్ ది టెంపుల్స్ స్మశానవాటికలో ఉంది. బ్యోదో-ఇన్ అనే జపాన్ గుడి చూడడానికి మనవాళ్ళు వెళ్ళేది ఆ ఆవరణలోకే. గుడి దగ్గర కారు ఆపినప్పుడు ఆఫీసులో 'జనరల్ చాంగ్' సమాధి ఎటని అడగండి, దారి చూపిస్తారు. అక్కడి బోర్డుల మీద పేరు జాంగ్ అని కాక, పాత పద్ధతిలో చాంగ్ (Chang) అని ఉంటుంది, చాంగ్ కై షేక్ అనుకోకండి.